బీఎల్ మాంగా చదివే నేను, నా స్నేహితుడికి ఏమని చెప్పాలి?

ఈసారి ఉత్తరం రాసిన అమ్మాయికి 24 ఏళ్లు. సొంతూరు రాజమండ్రి పక్కన, ఉద్యోగం హైదరాబాద్‌లో, ఉండేది కొండాపూర్‌లో ఒక లేడీస్ హాస్టల్‌లో. బీటెక్ రోజుల నుంచి జపాన్ బాయ్స్ లవ్ మాంగా చదువుతోంది. ఇద్దరు మగవాళ్ల మధ్య ప్రేమను చెప్పే బొమ్మల కథలివి. జపాన్‌లో వీటిని ఎక్కువగా ఆడవాళ్లే గీస్తారు, ఆడవాళ్లే చదువుతారు. అభిమానులు బీఎల్ అని పిలుచుకుంటారు. ఈ అలవాటు సంగతి ఇంట్లో తెలీదు. కాలేజీలో సీనియర్, ఇప్పుడు హాస్టల్‌లో ఒకే గదిలో ఉంటున్న అక్కకు మాత్రం తెలుసు. ఈ పుస్తకాలు మొదట చేతిలో పెట్టింది ఆవిడే.

ఉత్తరంలో సగానికి పైగా ఆ కథల గురించే ఉంది, అదీ ఎంతో శ్రద్ధగా. చిన్ననాటి స్నేహితుణ్ణి ఏళ్ల తరబడి నోరు విప్పకుండా ప్రేమించే కుర్రాడి కథ ఎన్నిసార్లు చదివినా ఏడుపొస్తుందని రాసింది. ‘నేను గే కాదు, నువ్వు కాబట్టి ప్రేమించాను’ అని హీరో చెప్పే ఘట్టం ఒకప్పుడు అన్నిటికన్నా గొప్ప ప్రేమలా అనిపించేదట, ఇప్పుడు అనుమానంగా ఉందట. చొరవ చూపే ‘సెమె’ ప్రతి కథలోనూ పొడుగ్గా, డబ్బున్నవాడిగా ఉండటం, అతని చొరవకు లొంగే ‘ఉకె’ ప్రతి కథలోనూ కళ్లనీళ్లు పెట్టుకోవడం విసుగు. వద్దంటున్నా బలవంతంగా ముద్దు పెట్టుకుని, రెండు అధ్యాయాలు తిరిగేసరికి దాన్నే ప్రేమ అనేసే కథలంటే ఒళ్లు మంట. కథలోకి ఆడపిల్ల వచ్చిందంటే చాలు, ఆమె ఇద్దరి మధ్యా పుల్లలు పెట్టే మనిషై ఉంటుందని బాధ. మగవాళ్లకు కూడా గర్భం వచ్చే ఒమేగావర్స్ కథలు మాత్రం ‘చెప్పుకోడానికి సిగ్గుగా ఉంది, కానీ వదల్లేను’ అంటోంది.

అసలు కష్టం దీపావళి తర్వాత మొదలైంది. బీటెక్ నాలుగేళ్లూ పక్కపక్కన కూర్చున్న స్నేహితుడు, తనకు మగవాళ్లంటేనే ఇష్టమని మొదటిసారిగా ఈమెకు చెప్పాడు. ఈమెకు సంతోషం ఆగలేదు. ‘నాకు ఇవన్నీ తెలుసు, నేను చదివేది ఇవే’ అంది. ఆ రాత్రే అతనికి తన ఇష్టమైన మాంగాల జాబితా పంపింది. ‘ఇంతకీ నువ్వు సెమెనా, ఉకెనా?’ అని అడిగింది. ‘నేను ఏళ్ల తరబడి భయంతో చచ్చింది నీకు కథలా ఉందా?’ అని అతని నుంచి జవాబు వచ్చింది. అప్పట్నుంచి పొడిపొడిగానే మాట్లాడుతున్నాడు. బాధ ఆపుకోలేక అక్కకి విషయమంతా చెప్తే ఆవిడ ఈమె వైపే మాట్లాడింది: కథ కథే, నువ్వేం తప్పు చేయలేదు, వాడి మాట పట్టుకుని నీకు నచ్చే పుస్తకాల మీద నీతులు వల్లించకు, ఎలాగూ ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు, పెళ్లయ్యాక ఇవన్నీ మానేయాల్సిందేగా!

నా ఇష్టాల్లోనే ఏదైనా తేడా ఉందా, చదవడం మానేయాలా, వాడితో మళ్లీ మామూలుగా ఎలా ఉండాలి అని అడుగుతోంది ఈ అమ్మాయి.

నా జవాబు:

మీరు అడగని విషయంతో మొదలుపెడతాను. ‘అక్కకి విషయమంతా చెప్పాను’ అని మీ ఉత్తరంలో ఒక చిన్న వాక్యం ఉంది. ఆవిడ మీ కాలేజీలోనే సీనియర్, అంటే అతన్ని ఎరిగిన మనిషి. అతను మీ ఒక్కరికే చెప్పుకున్న మాట అతనికి తెలియకుండా ఇంకొకరి దగ్గరికి చేరింది. సెమె, ఉకె ప్రశ్న అతన్ని నొప్పించింది. అక్కకి చెప్పడం అతన్ని ప్రమాదంలో పెట్టగలదు. ఇలాంటి మాట చేతులు మారి అమ్మానాన్నల చెవిన పడటానికి ఎవరికీ చెడ్డ ఉద్దేశం ఉండక్కర్లేదు. ఎవరిదో పెళ్లిలో పాత బ్యాచ్ అంతా కలిసినప్పుడు ‘నీకు తెలుసా’ అని మొదలయ్యే ఒక్క కబురు చాలు. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు, ఇష్టపడి కలిసే ఇద్దరు పెద్దవాళ్ల స్వలింగ సంబంధం నేరం కాదని తేల్చింది. 2023 అక్టోబరు 17న వచ్చిన తీర్పులో అలాంటి జంటల పెళ్లికి గుర్తింపు మాత్రం ఇవ్వలేదు, అది చట్టసభలు చూసుకోవాల్సిన పని అంది. మీ స్నేహితుడు బతుకుతున్నది ఈ రెండు తీర్పుల మధ్య. పోలీసుల భయం కొంత తగ్గి ఉండొచ్చు. ఇంట్లోవాళ్ల భయం, ఇల్లు అద్దెకిచ్చేవాళ్ల భయం, ఆఫీసులో గుసగుసల భయం తీర్పుల వల్ల పోవు.

కాబట్టి ముందు అక్కతో మాట్లాడండి. ఈ మాట ఇంకెవరితోనైనా అందా అని సూటిగా అడగండి. అనలేదంటే, ఇకమీదట కూడా అనొద్దని, అతను ఎదురుపడినా తెలిసినట్టు ప్రవర్తించవద్దని చెప్పండి. ఆవిడ మీ మంచి కోరే మనిషిలాగే ఉంది, అర్థం చేసుకుంటుంది.

అక్కకు తెలిసిపోయిందని అతనికి చెప్పాలా వద్దా అన్నది కష్టమైన ప్రశ్న. చెప్తే అతను ఇప్పటికన్నా ఎక్కువ కోపం తెచ్చుకోవచ్చు, కొన్నాళ్లు పూర్తిగా మాట్లాడటం మానేయవచ్చు. కానీ తన రహస్యం ఎంతమంది దగ్గరుందో అతనికి లెక్క తెలుస్తుంది. ఎవరి ముందు ఎలా ఉండాలో అతను ఆ లెక్క మీదే తేల్చుకుంటాడు. చెప్పకపోతే ఇప్పటికి గండం గడుస్తుంది, మీ స్నేహం తొందరగా గాడిలో పడినట్టు కనిపిస్తుంది. ఏడాదికో రెండేళ్లకో అక్క నోటి నుంచే అతనికి ఆ సంగతి తెలిస్తే, అప్పుడు ఎన్ని క్షమాపణలు చెప్పినా దారి దొరకదు. నేనైతే చెప్పడం వైపే మొగ్గుతాను. అయితే అక్కతో మాట్లాడిన తర్వాతే చెప్పండి. ‘ఆవిడ ఇంకెవరికీ చెప్పలేదు, చెప్పదు’ అన్న మాట కూడా దాంతోపాటే ఇవ్వగలుగుతారు.

ఇక కథల సంగతి. మీకూ అక్కకూ మధ్య నడుస్తున్న వాదన కొత్తది కాదు. ఈ మలుపులు ఎక్కడ పుట్టాయో, ఎవరి కోసం పుట్టాయో చూస్తే, ఆవిడ మాటలో నిజం ఎంతో, మీ స్నేహితుడి మాటలో నిజం ఎంతో తేలిగ్గా విడదీయవచ్చు.

1970ల మొదట్లో టోక్యోలో ఇరవై ఏళ్లు దాటిన కొందరు యువతులు ఆడపిల్లల పత్రికలకు మాంగా గీసేవారు. మోటో హగియో, కెయికో తకెమియ వాళ్లలో ముఖ్యులు. ఇద్దరూ కొంతకాలం ఓయిజుమి అనే చోట ఒకే ఇంట్లో ఉండి పనిచేశారు. ఆ పత్రికల్లో కథానాయిక పని చాలావరకు ఎదురుచూడటం, సిగ్గుపడటం, చివరికి ఒకడి చెయ్యి అందుకోవడం. హగియో ఒక బోర్డింగ్ స్కూల్ కథను మొదట ఆడపిల్లలతో ఊహించి చూశారు. కథ బిగుసుకుపోయింది. మగపిల్లల స్కూలుకు మార్చాక స్వేచ్ఛగా సాగింది. కోపం, మోహం, అసూయ, దేవుడి మీద సందేహం, ఏదైనా సరే ‘ఆడపిల్లవై ఉండి ఇదేంటి’ అనే గొంతు అడ్డం రాకుండా చెప్పే వీలు దొరికింది. 1974లో ఆమె రాసిన ‘తోమా నో షిన్జో’, 1976లో మొదలైన తకెమియ ‘కజె తో కి నో ఉత’ తర్వాతివాళ్లకు బాట వేశాయి. 1978లో ఇలాంటి కథలకే ఒక పత్రిక వచ్చింది. 1975లో మొదలైన కామిక్ మార్కెట్ సంతలో అమ్మాయిలు తమ డబ్బుతో తామే అచ్చువేసుకున్న పుస్తకాలు అమ్ముకున్నారు. బీఎల్ అన్న పేరు, దాని చుట్టూ పెద్ద వ్యాపారం 1990లలో స్థిరపడ్డాయి.

ఆ పుస్తకాల్లో మీకు కనిపించే ఒళ్లు మగవాళ్లది. వాటిలో తిరిగే భయాలూ ఆశలూ మాత్రం చాలామటుకు ఆడవాళ్లవి. మీరు రాసిన ఇష్టాయిష్టాల జాబితా మీ స్నేహితుడి గురించి చెప్పేది చాలా తక్కువ. మీ గురించి మాత్రం చాలా చెప్తుంది. దాన్ని అలా చదువుకుంటే సిగ్గుపడాల్సిన అవసరం రాదు, అతని మీద దాన్ని రుద్దే అవసరమూ రాదు.

ఒమేగావర్స్ తీసుకోండి. 2010 ప్రాంతంలో ఇంగ్లిష్ అభిమానులు సరదాగా రాసుకునే కథల్లో పుట్టి, జపాన్ చేరి, అక్కడ పెద్ద చెట్టైంది. ఆ లోకంలో ఆల్ఫా, బీటా, ఒమేగా అని పుట్టుకతోనే తరగతులుంటాయి. ఒమేగా ఒళ్లు ఒమేగా మాట వినదు. ఒమేగా ఎవరికి దక్కాలో చుట్టూ ఉన్నవాళ్లంతా మాట్లాడతారు. బిడ్డను కనగలడా లేదా అన్నదాన్ని బట్టే విలువ కడతారు. ఇంట్లో సంబంధాలు చూస్తున్న 24 ఏళ్ల అమ్మాయి ఆ కథలు వదల్లేకపోవడంలో నాకు వింతేమీ కనిపించలేదు. మీ ఫొటో ఎవరెవరి ఫోన్లలో తిరుగుతోందో మీకు తెలీదు. ఆ ఉక్కిరిబిక్కిరిని ఒక మగవాడి ఒంటి మీద పెట్టి, దూరం నుంచి చూస్తున్నారు. చివరికి అతని మాటకు విలువిచ్చే మనిషి దొరికితే మీ మనసు కుదుటపడుతోంది. ఇందులో సిగ్గుపడేది లేదు.

బలవంతపు ముద్దుల విషయంలో మీ చిరాకు న్యాయమైనదే, దానికి అక్క ఒప్పుదల అక్కర్లేదు. అకికో మిజోగుచి అనే జపాన్ పరిశోధకురాలు 1990ల బీఎల్ కథలను కుప్పగా చదివి, వాటిలో పాతుకుపోయిన మూసలను ఎత్తి చూపారు. బలాత్కారాన్ని ప్రేమకు గుర్తుగా చూపడం వాటిలో ఒకటి. బీఎల్ అంటే పడని మనిషి రాసిన విమర్శ కాదిది. ఆమె స్వయంగా లెస్బియన్, ఈ కథలు తనను తీర్చిదిద్దాయని చెప్పుకున్న మనిషి. ‘నాకు కావాలి’ అని నోటితో అనకూడదని నేర్పిన సమాజంలో, ఎదుటివాడు అదుపు తప్పేంతగా తనను కోరుకున్నాడన్న ఊహ కొందరికి ఊరట ఇస్తుంది. కోరుకున్న తప్పు తన మీద పడదు కదా. ఆ ఊరట మన సినిమాల్లో మాత్రం లేదా? ‘పో’ అన్న అమ్మాయి వెనక మూడు పాటలు తిరిగి, చివరికి ‘సరే’ అనిపించుకున్న హీరోకు చప్పట్లు కొడుతూ పెరిగాం. ఊహలో ఊరట వెతుక్కోవడం వేరు, దాన్నే ప్రేమ పద్ధతి అని నమ్మడం వేరు అని అక్క అంటే అది నిజం. నాకు అది చదువుతుంటే కడుపులో తిప్పుతుంది అని మీరంటే అదీ నిజం. ఒకే గదిలో ఉంటూ వేరు వేరు పుస్తకాలు చదువుకోండి. ఈ విషయంలో ఒకరినొకరు ఒప్పించుకోవాల్సిన పనిలేదు.

ఆడపాత్రల గురించి మీతో నూటికి నూరుపాళ్లూ ఏకీభవిస్తున్నాను. ఆడవాళ్లు ఆడవాళ్ల కోసం గీసే కథలో ఆడమనిషికి చెడ్డ వేషం తప్ప ఇంకోటి దక్కకపోవడం అన్యాయం. ఈ మధ్య వస్తున్నవాటిలో అది చాలా మారింది, వెతికితే దొరుకుతాయి.

ఇప్పుడు మీకు ప్రాణమైన రెండు మలుపులు. మీ స్నేహితుడి నొప్పికి మూలం వీటిలోనే ఉందని నా నమ్మకం.

‘నేను గే కాదు, నువ్వు కాబట్టి ప్రేమించాను.’ ఇది ఎందుకు అంత తీయగా ఉంటుందో నాకు తెలుసు. జాతి, కులం, లింగం ఏదీ అడ్డం కాని ప్రేమ, లోకం మొత్తంలో ఒక్క మనిషినే గుర్తుపట్టిన ప్రేమ. ఆడపిల్లకు ఇంతకంటే పెద్ద హామీ ఏముంటుంది! ఇదే మాటను నిజంగా గే అయిన మనిషి చెవితో వినండి. నేను వాళ్లలాంటివాణ్ణి కాదు అంటున్నాడు హీరో. వాళ్లు అంటే ఎవరు? మీ స్నేహితుడే. పొరపాటున ఒక్కసారి జరిగితే పవిత్రం, పుట్టుకతో అంతే అయితే చెప్పుకోలేని విషయం అన్న అర్థం అందులో దాగి ఉంది. మీరు పంపిన జాబితాలో ఇలాంటి కథలు ఎన్ని ఉన్నాయో ఒకసారి చూసుకోండి.

రెండోది మౌనప్రేమ. ఏళ్ల తరబడి చెప్పకుండా ప్రేమించే కుర్రాడి కథ చదివేటప్పుడు మీకు ఇద్దరి మనసులూ వినిపిస్తాయి. ఒక పేజీలో ఇతను దాచుకుంటాడు, తర్వాతి పేజీలో అతనూ దాచుకుంటున్నాడని మీకు తెలిసిపోతుంది. బీఎల్ కాబట్టి చివరికి కలుస్తారన్న భరోసా పుస్తకం అట్ట మీదే ఉంటుంది. ఆ మౌనం తీపిగా ఉండేది ఆ భరోసా వల్లే. మీ స్నేహితుడు నాలుగేళ్లు మీ పక్కన కూర్చుని దాచుకున్న మౌనానికి ఏ భరోసా లేదు. క్లాసులో ఎవరో గే అన్న మాట తిట్టులా వాడినప్పుడు అతను కూడా నవ్వాల్సి వచ్చి ఉంటుంది. ఏ అమ్మాయి అంటే ఇష్టం అని మీరే అడిగి ఉంటారు, ఏదో పేరు చెప్పి ఉంటాడు. ఎంతో ధైర్యం కూడగట్టుకుని ఆ సంగతి చెప్పిన రోజున, తనకు ఎలా ఉండేదో మీరు అడుగుతారని ఎదురుచూశాడు. మీరు ‘నాకు అన్నీ తెలుసు’ అన్నారు. ప్రేమతోనే అన్నారు, అతన్ని ఒక్క క్షణం కూడా పరాయివాడిగా చూడలేదు. మన చుట్టూ చాలామంది ఇవ్వలేనిది మీరు ఇచ్చారు. కానీ అడగాల్సిన చోట అడగలేదు, చెప్పుకోనివ్వాల్సిన చోట చెప్పుకోనివ్వలేదు.

సెమె, ఉకె ప్రశ్న ఎందుకు తగలరాని చోట తగిలిందో కూడా ఇక్కడే చెప్తాను. మాంగాలో అది పాత్రల పరిచయం లాంటిది, అట్ట చూసి చెప్పేయవచ్చు. మనిషిని అడిగితే అది అతని పడకగది గురించిన ప్రశ్న. కొత్తగా పెళ్లయిన మీ పిన్ని కూతుర్ని మీరు అలాంటిది అడగరు. పైగా చాలామంది గే జంటల జీవితంలో ఆ విభజనే ఉండదు.

‘కథ కథే’ అన్న అక్క మాటకు వస్తాను. 1992లో జపాన్‌లో ఒక చిన్న స్త్రీవాద పత్రికలో మసాకి సాతో అనే గే ఉద్యమకారుడు ఈ కథల మీద చాలా కోపంగా రాశారు. మీ ఆనందం కోసం అందమైన మగవాళ్లను గీసుకుంటున్నారు, మాలాంటి మామూలు గే మనుషులు మీ లోకంలో ఎక్కడా లేరు, మమ్మల్ని వినోదంగా చూస్తున్నారు అన్నది ఆయన అభియోగం సారం. దానికి ఎన్నో జవాబులు వచ్చాయి. కొందరు మీలాగే కుమిలిపోయారు. కొందరు మీ అక్కలాగే, ఇవి మీ గురించి కాదు, మా గురించి మేం రాసుకునేవి అన్నారు. ఏళ్లపాటు సాగిన ఆ వాదనలో ఎవరూ గెలవలేదు. నా దృష్టిలో రెండు వైపులా నిజమే ఉంది. ఇవి ఆడవాళ్లు తమ కోసం రాసుకున్నవే. అయితే అరువు తెచ్చుకున్నది మాత్రం నిజంగా బతుకుతున్న మనుషుల రూపాన్ని. ఆ మనుషుల్లో ఒకరు ఎదురుగా వచ్చి కూర్చున్నప్పుడు ‘కథ కథే’ అన్న మాట వాళ్లను ఓదార్చదు. ఆ వాదన వల్ల బీఎల్ ఆగిపోలేదు, మెల్లగా మారింది. మిజోగుచి 2015లో రాసిన పుస్తకంలో ఆ మార్పునే చూపించారు. వాస్తవంలో ఇంకా రాని సహనాన్ని, ఇంట్లోవాళ్ల ఆమోదాన్ని ముందుగానే ఊహించి చూపే కథలు 2000ల తర్వాత పెరిగాయని ఆమె వాదన. జపాన్‌లోనూ అలాంటి పెళ్లికి చట్టంలో చోటు లేదన్నది గుర్తుంచుకుంటే ఆ ఊహ విలువ తెలుస్తుంది.

చదవడం మానేయాలా అని అడిగారు. మానేయవచ్చు. కొన్నాళ్లు మనసు తేలికపడుతుంది. కానీ దానివల్ల మీ స్నేహితుడికి ఒరిగేదేమీ లేదు, పైగా ‘నీ కోసం మానేశాను’ అని ఎప్పుడో ఒకప్పుడు నోరు జారితే అతని మీద ఇంకో బరువు పెట్టినవాళ్లవుతారు. ఎప్పటిలాగే చదువుతూ పోవచ్చు. అప్పుడు మీకిష్టమైన మలుపు వచ్చిన ప్రతిసారీ అతని మెసేజ్ గుర్తొచ్చి, ఆ ఇష్టమే చేదైపోయే అవకాశం ఉంది. మూడో దారి, చదివేవాటి పక్కన ఇంకొన్ని చేర్చుకోవడం. గెంగోరో తగామె స్వయంగా గే రచయిత. 2014 నుంచి 2017 వరకు వచ్చిన ఆయన మాంగా ‘ఒతోతో నో ఒత్తో’లో, చనిపోయిన కవల తమ్ముడి భర్త కెనడా నుంచి వచ్చి తలుపు తడితే, కూతుర్ని ఒంటరిగా పెంచుకుంటున్న అన్న తనలోని వెనకాడే బుద్ధిని మెల్లగా గుర్తుపడతాడు. ఆ అన్న స్థానంలో మిమ్మల్ని మీరు పెట్టుకుని చదవండి. ఫుమి యోషినాగ 2007లో మొదలుపెట్టిన ‘కినో నాని తబెత?’లో ఒక లాయరు, ఒక హెయిర్ డ్రెసర్ కలిసి ఉంటారు. బలవంతాలు లేవు, వానలో పరుగులు లేవు. సాయంత్రం వంట, సరుకుల ఖర్చు, ఆఫీసులో తెలియకూడదన్న జాగ్రత్త, వయసు మీద పడుతున్న అమ్మానాన్నలతో ఇబ్బందికరమైన పండగ భోజనాలు. ఇవి రెండూ బీఎల్ పత్రికల్లో కాక, పెద్ద మగవాళ్లు చదివే పత్రికల్లో వచ్చాయి. మీ ఒమేగావర్స్‌ను వదలక్కర్లేదు, దాని పక్కన ఇవీ ఉంచుకోండి. ఇవి చదివినంత మాత్రాన మీ స్నేహితుడు అర్థమైపోతాడని మాత్రం అనుకోకండి. అతను చెప్తేనే అతను అర్థమవుతాడు.

అతనితో ఎలా మొదలుపెట్టాలి? మీకు మూడు నాలుగు దారులున్నాయి. అతనే మామూలవుతాడని ఎదురుచూడటం ఒకటి. అతనికి సమయం దొరుకుతుంది, కానీ మీ మౌనాన్ని అతను వెనక్కి తగ్గడంగా చదువుకోవచ్చు. ఇలాంటి సంగతి బయటపెట్టిన మనిషికి ఎదుటివాళ్ల మౌనం చాలా గట్టిగా వినిపిస్తుంది. బీఎల్ అంటే ఏమిటో, మీకు ఎందుకు ఇష్టమో, మీ ఉద్దేశం ఎంత మంచిదో వివరిస్తూ పొడవైన మెసేజ్ పెట్టడం ఇంకోటి. మీ ఉత్తరం చూస్తే మీరు అది చాలా బాగా రాయగలరని తెలుస్తోంది, అందుకే భయపడుతున్నాను. దాన్ని చదివాక అతను మిమ్మల్ని ఓదార్చాల్సి వస్తుంది. ఎదురుగా కలవడం మేలే, కానీ అతను సిద్ధంగా లేనప్పుడు కాఫీకి రమ్మంటే ఇరుకునపడతాడు.

నాకు సబబుగా తోచింది చిన్న మెసేజ్. ‘ఆరోజు నువ్వు చెప్పింది వినకుండా నేనే మాట్లాడాను. ఆ ప్రశ్న అడగకూడదు, సారీ. నీకు ఎప్పుడు చెప్పాలనిపిస్తే అప్పుడు వింటాను. చెప్పాలనిపించకపోయినా నేనెక్కడికీ పోను.’ మాంగా పేరు గానీ, నాకు ఇలాంటివాళ్లంటే ఎంతో గౌరవం అన్న మాట గానీ వద్దు. అక్క సంగతి ఈ మెసేజ్‌లో పెట్టకండి, అది ఎదురుగానో ఫోన్‌లోనో చెప్పాల్సిన మాట. అతను జవాబిచ్చి, మాట్లాడటానికి ఒప్పుకున్న మొదటిసారే చెప్పేయండి. మీకు మళ్లీ దగ్గరై, మనసు విప్పి అంతా చెప్పుకున్నాక ఆ సంగతి తెలిస్తే రెండోసారి మోసపోయినట్టు అనిపిస్తుంది. జవాబు రాకపోతే వెంటవెంటనే ఇంకోటి పెట్టకండి. అతని పుట్టినరోజుకో, ఊరెళ్తున్నప్పుడో ఎప్పటిలాగే పలకరించండి. పాత సంగతి అతనెత్తితేనే ఎత్తండి. స్నేహం మునుపటి రూపంలో తిరిగి రాకపోవచ్చు కూడా. అప్పుడు కూడా అతని రహస్యం మీ దగ్గర భద్రంగా ఉండాలి.

చివరిగా, పెళ్లయ్యాక మానేయాల్సిందే అన్న అక్క మాట. ఎందుకు మానేయాలి? మీరు చదివేది పెద్దల పుస్తకాలు, చదువుతున్నది 24 ఏళ్ల మనిషి. వచ్చే సంబంధాల్లో నచ్చినవాడెవరైనా ఉంటే, ఒకటి రెండుసార్లు మాట్లాడాక ఇలాంటివి చదువుతానని చెప్పి చూడవచ్చు. నవ్వి ఊరుకుంటాడా, ఆసక్తిగా అడుగుతాడా, మొహం చిట్లిస్తాడా అన్నది మీకు పనికొచ్చే సమాచారం. గే మనుషుల గురించి అతను ఏమంటాడో కూడా ఆ మాటల్లోనే బయటపడుతుంది, రేపు మీ స్నేహితుడు మీ ఇంటికి భోజనానికి రాగలడా లేదా అన్నదీ తెలుస్తుంది. చెప్పకుండా దాచుకునే దారీ ఉంది, ఎంతోమంది అలాగే చదువుతున్నారు, కానీ దాచుకోవడం ఎలా ఉంటుందో మీ స్నేహితుణ్ణి చూశారు కదా. చెప్పాలనుకుంటే మాత్రం నిశ్చితార్థానికి ముందే చెప్పండి. తాంబూలాలు పుచ్చుకున్నాక అతని మొహం చిట్లినా, మీకు వద్దనుకునే వీలు చాలా తగ్గిపోతుంది.